క్రికెట్ ఆటగాడు సి.కె. నాయుడు గారిని కల్నల్ అంటారు కదా, ఆయన నిజంగా సైన్యంలో పనిచేశారా?

పనిచేశారు, కానీ మనం ఇప్పుడు అనుకునే భారత సైన్యంలో కాదు. ఆయన తెలుగు కుటుంబంలోనే, 1895లో నాగపూర్‌లో పుట్టారు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు ఆట చూసి ముచ్చటపడి పిలిపించుకుని తన సంస్థానం సైన్యంలో కెప్టెన్‌ని చేశారు, తర్వాత కల్నల్ అయ్యారు. ఆ రోజుల్లో ఆటగాడికి నెల జీతం దొరికే దారి అదే మరి, క్రికెట్ ఆడితే ఎవరు డబ్బులిస్తారు!

ఆట సంగతికొస్తే, 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద కొట్టిన 153 పరుగులు చాలు. అందులో 11 సిక్సర్లు. మా కోనసీమలో దాళ్వా కోతలయ్యాక పిల్లలు చేలల్లో ఆడుతుంటారు, బంతి గట్టు దాటి పంట కాలవలో పడితే కొట్టినవాడే దిగి తేవాలి, ఆ లెక్కన ఆయన ఆ రోజు పదకొండుసార్లు తడవాల్సిందే. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకి కెప్టెన్ ఆయనే. ఓడిపోయాం, కానీ చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో ఎక్కువ పరుగులు, 40, ఆయనవే.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది: 1953-54లో ఆంధ్ర జట్టు దేశవాళీ క్రికెట్ పోటీ రంజీ ట్రోఫీలో అడుగుపెట్టినప్పుడు కెప్టెన్‌గా వచ్చింది కూడా ఈయనే, అప్పటికి 58 ఏళ్లు. మా ఇళ్లల్లో ఆ వయసొస్తే అరుగు దిగడానికే మోకాళ్లు పట్టుకుంటారు.