ఊరి చెత్త, వీధి దీపాలు, ఇంకుడు గుంతలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పురపాలక సంఘం ఏడాది కిందట తడిచెత్తతో ఎరువు తయారుచేసే యార్డు పెట్టింది. ఇప్పుడు పక్క కాలనీలో కిటికీలు తెరిచే పరిస్థితి లేదు. ఈగలు కూడా ఎక్కువే. యార్డును ఎత్తేయమంటున్నారు. వేరే దారి లేదా?

జవాబు: ఉంది. ముందు అది ఏ వాసనో కనిపెట్టండి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు అయితే కుప్పలోకి గాలి ఆడటం లేదు. ముక్కుపుటాలు అదిరే అమోనియా ఘాటు అయితే నత్రజని ఎక్కువై, కార్బన్ చాలడం లేదు. చాలాచోట్ల రెండింటికీ మూలం ఒకటే: యార్డులో ఎండు సరుకు నిల్వ ఉండదు.

చెత్తను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కార్బన్ కావాలి. వంటింటి తడిచెత్తలో అది సాధారణంగా 20 దాటదు. రాలిన ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా ఉంటుంది. అందుకే ఒక బుట్ట తడిచెత్తకు కనీసం ఒక బుట్ట ఎండుటాకులు కలపాలి, చెత్త మరీ నీరుగా ఉంటే రెండు. యార్డు ఆకుల కోసం మొహం వాచి ఉంటే, అదే ఊళ్ళో ఊడ్చిన ఆకులను రోడ్డు పక్కనే తగలబెడుతుంటారు! ఆకులు రాలే కాలంలో గోనె సంచుల్లో నింపి, కప్పు కింద దాచుకోగలిగితే సగం సమస్య తీరినట్టే.

తర్వాత తడి చూడాలి. కుప్ప లోపలి సరుకును గుప్పిట్లో గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు (50 నుంచి 60 శాతం తేమ). నీరు ధారగా కారితే ఆకులు కలిపి తిరగేయాలి. గుప్పిట విప్పగానే పొడిపొడిగా రాలితే నీళ్ళు చల్లాలి. కుప్ప ఎత్తు మీటరున్నర దాటకూడదు, అడుగు వెడల్పు రెండున్నర నుంచి మూడు మీటర్లు చాలు. స్థలం లేదని మూడు మీటర్ల ఎత్తు పోస్తే బరువుకు కింది పొర అణగిపోయి, గాలి సందులు మూసుకుపోతాయి.

మీటరు పొడవు కాడ ఉన్న థర్మామీటరు ఒకటి కొనండి. దాన్ని కుప్పలోకి దించి రోజూ రాసుకోవాలి. రోగకారక క్రిములు చావాలంటే 55 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడి 15 రోజులు ఉండాలి, ఆ లోపల కనీసం అయిదుసార్లు తిరగేయాలి. 65 దాటితే మేలు చేసే జీవులు కూడా చస్తాయి, వెంటనే తిరగేయండి. వారానికే వేడి పడిపోయిందంటే ఎరువు తయారైందని సంబరపడకండి, తడి ఆరిపోయిందో, గాలి అందడం లేదో చూడండి.

ఈగల సంగతి. వేడి రోజుల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వచ్చిన చెత్త ఆ రోజే కుప్పలోకి పోవాలి, పైన పాత ఎరువు పది సెంటీమీటర్ల మందాన కప్పాలి. ఈ పొర వాసనను కూడా చాలావరకు పట్టేస్తుంది. తిరగేసేటప్పుడు బయటి పొర కచ్చితంగా లోపలికి వెళ్ళాలి, పురుగులు ఉండేది అక్కడే. కారే నల్లటి నీరు వాన కాలువలో కలవకుండా నేలకు వాలు ఇచ్చి తొట్టిలోకి మళ్ళించండి. ఆ నీటిని కొత్త కుప్పల మీదే చల్లాలి. తయారైన ఎరువు మీద చల్లితే క్రిములను మళ్ళీ ఎక్కించినట్టే.

ప్రశ్న: మేం తడి, పొడి వేరుచేసి ఇస్తాం. బండివాళ్ళు కలిపేస్తారు. ఎందుకు?

జవాబు: బండిలో అడ్డుగోడ లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? గోడ ఉన్నా, సరిగ్గా మధ్యలో పెట్టి ఉంటారు. పొడిచెత్త తేలిక, కానీ చాలా చోటు తింటుంది. దాని అర నిండిపోయాక తడి అరలోకి తోస్తారు. పొడికి పెద్ద అర ఇవ్వాలి, లేదా దానికి వారంలో రెండు రోజులు విడిగా బండి పంపాలి. శానిటరీ ప్యాడ్లు, బ్యాటరీలకు బండి పక్కన మూతలున్న రెండు చిన్న పెట్టెలు తప్పనిసరి. కలిసిన బ్యాటరీ నుంచి ఎరువులోకి దిగిన సీసం లోహాన్ని ఏ జల్లెడా తీయలేదు.

ప్రశ్న: సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టారు. ఏడాదిలోనే చాలా ఆరిపోయాయి. నాసిరకమా?

జవాబు: కావచ్చు, కానీ ఆరిపోయిన దీపాన్ని విప్పి చూడండి. చాలావరకు ఎల్‌ఈడీ గింజలు బాగానే ఉంటాయి, చెడేది డ్రైవరు, అంటే లైను కరెంటును గింజలకు తగ్గట్టు మార్చి అందించే లోపలి పరికరం. పిడుగులు, లైన్లో వోల్టేజీ ఎగబాకడం, లోపలి వేడికి కెపాసిటర్లు ఎండిపోవడం, ఇవే ప్రధాన కారణాలు. టెండరులో 10 కిలోవోల్టుల సర్జ్ రక్షణ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకినా తట్టుకునే ఏర్పాటు) అడగాలి. స్తంభానికి సరైన ఎర్త్ లేకపోతే అదీ దండగే. డ్రైవరును విడిగా మార్చే వీలుండాలి.

ఆదా లెక్క సులువు. 150 వాట్ల సోడియం దీపం చోకుతో కలిపి దాదాపు 170 వాట్లు లాగుతుంది. 70 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 100 వాట్లు మిగులు. ఏడాదికి 4,000 గంటలు వెలిగితే దీపానికి 400 యూనిట్లు. ఇది బిల్లులో కనిపించాలంటే మార్చకముందు కనీసం ఆరు నెలల రీడింగు స్విచ్చిబోర్డు వారీగా రాసి ఉండాలి. అది లేకుండా గుత్తేదారు చెప్పిన ఆదా శాతాన్ని నమ్మకండి. వెలుగు రంగును చెప్పే కొలత 3,000 కెల్విన్ దాటకుండా చూడండి, నీలి తెలుపు వెలుగు కళ్ళలో గుచ్చుతుంది.

ప్రశ్న: పురపాలక కార్యాలయం పక్కన తవ్విన ఇంకుడు గుంతలో నీళ్ళు ఇంకడం లేదు.

జవాబు: పైన ఇసుక పొర మీద మన్ను పేరుకుని ఉంటుంది. అయిదు సెంటీమీటర్లు గీకి తీసి కొత్త ఇసుక వేయండి, ఏటా వానలకు ముందు ఈ పని ఉంటుంది. 200 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే, ఇంకిపోయేది, చిమ్మిపోయేది తీసేసినా 8,500 లీటర్లు వస్తుంది. మొదటి రెండు మిల్లీమీటర్ల వాన, అంటే సుమారు 400 లీటర్లు, దుమ్ముతో వస్తుంది కాబట్టి బయటికి వదిలే కవాటం ఉండాలి. రోడ్డు మీది నీటిని మాత్రం నేరుగా బోరుబావిలోకి దించకండి, ఆయిలు, మురుగు సూటిగా భూగర్భ జలంలో కలుస్తాయి.

ప్రశ్న: చిన్న పట్టణం, నిధులు తక్కువ. ఒక్క పనితో మొదలుపెట్టాలంటే?

జవాబు: మొక్కలు నాటడం అంటారని ఎదురుచూస్తున్నారేమో. మా ఓటు తాగునీటి గొట్టాల లీకులకు. కారిపోయే ప్రతి లీటరుకూ ముందే కరెంటు, క్లోరిన్ ఖర్చయి ఉంటాయి. 24 గంటలూ సరఫరా ఉన్న ప్రాంతమైతే ట్యాంకు నుంచి బయటికి వెళ్ళే గొట్టానికి మీటరు బిగించి, రాత్రి 2 నుంచి 4 మధ్య రీడింగు తీయండి. అప్పుడు జనం దాదాపు వాడరు. న్యాయంగా వాడేది తీసేయగా గంటకు 8 ఘనపు మీటర్లు తేలితే, దాన్ని 20తో గుణించండి. పగలు పీడనం కాస్త తగ్గుతుంది కనుక 24తో గుణించకూడదు. రోజుకు 1,60,000 లీటర్లు నేలపాలు! తర్వాత వాల్వులు ఒక్కొక్కటే కట్టుకుంటూ పోతే, ఏ వీధి కట్టినప్పుడు మీటరు నెమ్మదిస్తుందో లీకు ఆ వీధిలోనే. విడతలవారీ సరఫరా అయితే ఈ పద్ధతి కుదరదు. ఒక విడతలో ఆ జోన్‌కు వదిలిన నీటిని, ఇళ్ళ మీటర్ల మొత్తంతో పోల్చుకోవాలి.