డాక్టర్ సలహా: జలుబుతో స్కూబా డైవింగ్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. వచ్చే వారం మాల్దీవులకు వెళ్తున్నాం. హనీఫారు బేలో మాంటా రే అనే పెద్ద చేపల మధ్య స్కూబా డైవింగ్ చేయాలని కోరిక. నాలుగు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడ. స్ప్రే కొట్టుకుని దిగొచ్చా? చివరి డైవ్ మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం.

జవాబు: ముందుగా ఒక మాట. హనీఫారులో స్కూబాకు అనుమతి లేదు, స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటిపై తేలడం) మాత్రమే. మాంటాలు అక్కడ ప్లాంక్టన్ (నీళ్లలో తేలే చిన్న జీవులు) కోసం నీటి పైపొరల్లోకే వస్తాయి కాబట్టి మీకు పెద్ద నష్టమేమీ లేదు. జ్వరం, దగ్గు లేకపోతే తేలుతూ చూడండి. మునక వేయకండి, దిబ్బడేసిన చెవికి రెండు మీటర్లు కూడా ఎక్కువే.

మిగతా చోట్ల స్కూబా సంగతంటారా, ముక్కు పూర్తిగా తెరుచుకునేదాకా వద్దు. పది మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపవుతుంది. కర్ణభేరి వెనక్కి గాలి చేరే దారి, ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే యూస్టేషియన్ నాళం ఒక్కటే. జలుబుకు అది వాచి మూసుకుంటే కర్ణభేరి లోపలికి లాక్కుపోయి నొప్పి పుడుతుంది, మొండిగా ఇంకా దిగితే చిల్లు పడొచ్చు. స్ప్రేతో దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. మందు పట్టు నీళ్లలోనే విడిచిందంటే, పైకొచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి బయటికి దారుండదు. దిగేటప్పుడు నొప్పెడితే వెనక్కి రావచ్చు. ఎక్కేటప్పుడు నొప్పెడితే సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపే ఆగగలరు.

జలుబు తగ్గాక కూడా తాడు పట్టుకుని, కాళ్లు కిందికి ఉంచి దిగండి. నొప్పి మొదలవకముందే, ప్రతి అర మీటరుకూ ముక్కు మూసుకుని మెల్లగా ఊదండి, లేదా గుటక వేయండి. చెవి తెరుచుకోకపోతే మీటరు పైకొచ్చి మళ్లీ చూడండి. బలంగా ఊదితే లోపలి చెవి పొర చిరిగి తల తిరగడం, వినికిడి తగ్గడం వంటి తిప్పలొస్తాయి.

మాంటా తల మీదుగా వెళ్తుంటే చాలామంది ఊపిరి బిగబట్టి, తెలియకుండానే దాని వెంట పైకి తేలిపోతారు. నిండా గాలి ఉన్న ఊపిరితిత్తులు దెబ్బతినడానికి మీటరున్నర తేడా చాలు. శ్వాస ఆపకండి. నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి రాకండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి.

విమానానికి ముందు, ఒక్క డైవే అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా 18 గంటలు విరామం ఉండాలి. సీప్లేన్ కూడా విమానమే. ఒత్తిడి తగ్గినప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడితే కీళ్లనొప్పి, తిమ్మిరి, విపరీతమైన నీరసం కనిపిస్తాయి. మసాజ్‌తో సరిపెట్టకుండా వెంటనే ఆక్సిజన్ పెట్టించుకుని, రీకంప్రెషన్ చాంబర్ (ఒత్తిడి పెంచి ఆ బుడగల్ని కరిగించే గది) ఉన్న చోటికి వెళ్లండి.