జోడు సైకిలా, జంట సైకిలా?

సందేహం: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తాతగారూ, ఆయన తమ్ముడూ కుర్రతనంలో తొక్కిన సైకిలు ఒకటి మా ధాన్యం కొట్టులో ఏళ్ళ తరబడి పడి ఉంది. ఇద్దరు తొక్కే సైకిలు అది. ముందొక సీటు, వెనకొక సీటు, రెండు హ్యాండిళ్ళు. దానిమీద ఇద్దరూ కాలవ గట్టు వెంట నరసాపురం వెళ్ళి వచ్చేవారట. ఈమధ్య దాన్ని బయటికి తీసి, ఏ కంపెనీదో ఆరా తీసి, మెకానిక్ చేత పని చేయించి మళ్ళీ రోడ్డెక్కించాం. మా ఇంటి సంగతులతో వేసుకుంటున్న చిన్న పుస్తకంలో దీని గురించి ఇలా రాశాను: “తుప్పు పట్టిన ఇత్తడి బిళ్ళను బట్టి, స్టర్మీ ఆర్చర్ హబ్బు మీది 51 అనే అంకెను బట్టి మా ద్వంద్వ సైకిల్‌ను గుర్తించి, దానిని పునరుద్దరించాము. చైన్ టెన్షన్ సరిచేయడమే కష్టమైంది.” మా మామ్మ దాన్ని జోడు సైకిలు అంటుంది. మెకానిక్ డబల్ సైకిలు అన్నాడు. మా అబ్బాయి టాండెమ్ అనే రాయాలంటాడు. ఏది సరైనది? నేను రాసినదాంట్లో ఇంకేమైనా దోషాలున్నాయా?

సమాధానం: “ఇద్దరు తొక్కే సైకిలు అది” అని ఉత్తరంలో మీరే రాశారు. అంతకంటే స్పష్టమైన పేరు ఎవరూ పెట్టలేరు. పుస్తకం అనేసరికి ఆ మాట వదిలేసి ‘ద్వంద్వ సైకిల్’ అన్నారు. ఉత్తరం రాసేటప్పుడు హాయిగా సాగిన చెయ్యి అచ్చు అనగానే బిగుసుకుపోవడం నాకు వచ్చే ఉత్తరాల్లో తరచు చూస్తున్నాను. చూసిన ప్రతిసారీ బాధపడుతున్నాను.

ద్వంద్వం అంటే జంట అని నిఘంటువుల్లో ఉన్నమాట నిజమే. అయితే తెలుగులో ఆ మాట ఎదురెదురుగా నిలిచే రెండింటికి అలవాటు పడింది. సుఖదుఃఖాలు ద్వంద్వాలు, శీతోష్ణాలు ద్వంద్వాలు. భీముడూ జరాసంధుడూ చేసింది ద్వంద్వ యుద్ధం. ఇవాళ ఒకటీ రేపు ఒకటీ చెప్పేవాడిది ద్వంద్వ వైఖరి. అన్నదమ్ములిద్దరూ ఒకే దిక్కుకి తొక్కిన సైకిలుకు ఆ మాట అతకదు.

మెకానిక్ అన్న ‘డబల్ సైకిలు’ తెలుగు నోటికి బాగానే ఉంది. చిక్కు వేరేచోట ఉంది. మన ఊళ్ళలో ‘డబల్స్’ అంటే ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు వెనక క్యారేజీ మీదో ముందు కడ్డీ మీదో కూర్చోవడం. “వాణ్ణి డబల్స్ ఎక్కించుకుని సినిమాకి వెళ్ళాను” అంటే అందరికీ అర్థమవుతుంది. అక్కడ తొక్కేది ఒక్కడే, రెండోవాడు బరువు. మీ సైకిలు మీద రెండోవాడు కూడా తొక్కుతాడు. తేడా అంతా ఆ తొక్కడంలోనే ఉంది కాబట్టి, డబల్ అనగానే వినేవాడి మనసులోకి వేరే బొమ్మ వస్తుంది.

మీ అబ్బాయి చెప్పిన టాండెమ్ సంగతి ఆసక్తికరమైంది. అది లాటిన్ మాట, దాని అర్థం ‘ఎట్టకేలకు’, ‘చిట్టచివరికి’. దానికి ఇంగ్లీషులో సమానమైన పలుకుబడి ‘ఎట్ లెంగ్త్’. లెంగ్త్ అంటే పొడవు కూడా కదా. ఆ శ్లేషను పట్టుకుని 18వ శతాబ్దం చివర్లో, ఒకదాని వెనక ఒకటి పొడవునా గుర్రాలను కట్టిన బండిని టాండెమ్ అన్నారు. తర్వాత ఆ పేరు సైకిలుకు వచ్చింది. మూలంలోనే శ్లేష మీద పుట్టిన మాట ఇది, దీనికి ముక్కకు ముక్క తెలుగు చేయబోతే ఏమీ మిగలదు. టాండెమ్ అని రాయడం తప్పు కాదు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అలాగే అంటారు, అలా రాస్తే తెలుసుకోవాలనుకున్నవాడికి దారి దొరుకుతుంది. కానీ మీ పుస్తకం మీ ఇంటివాళ్ళ కోసం.

ఇక మిగిలింది జోడు, జంట. నన్ను తీర్పు చెప్పమంటే రెండూ ఒప్పే, కానీ రెండూ ఒకటి కాదు. కాడికి రెండు పక్కలా కట్టినవి జోడెద్దులు. చెప్పుల జోడు, కళ్ళజోడు కూడా అంతే, సమానమైన రెండు పక్కపక్కన ఉంటాయి. ఈడూజోడూ అన్నప్పుడు కూడా పక్కపక్కన నిలబెట్టి చూడటమే ఉంది. ఆ లెక్కన ముందువెనకల సీట్లకు జోడు అనడం కొంచెం సాగదీయడమే. జంటకు ఈ పక్కపక్క నియమం లేదు. ఇద్దరూ కలిసి ఒక పని చేస్తే చాలు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారూ, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి గారూ మన డెల్టా జంట కవులు. తిరుపతిశాస్త్రి గారు పోయిన తర్వాత కూడా వేంకటశాస్త్రి గారు ఒక్కరే రాసినవాటికి జంట పేరే పెట్టారు. జంట అనే మాటకు మన నేల మీద అంత బరువుంది. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. జంట నగరాలు అంటే రెండు నగరాలు, అలాగే ‘జంట సైకిళ్ళు’ అంటే రెండు సైకిళ్ళయిపోతాయి. ‘జంట సైకిలు’ అని ఏకవచనంలో వాడితేనే జంట తొక్కే సైకిలు అవుతుంది.

కాబట్టి కొత్తగా పేరు పెట్టాల్సిన చోట నేను జంట సైకిలు అంటాను. మీ పుస్తకంలో మాత్రం జోడు సైకిలు అనే ఉండాలి. ఆ ఇంట్లో ఆ వస్తువుకు పుట్టిన పేరు అదే, మామ్మగారి నోట ఇప్పటికీ బతికి ఉంది. ఏ సూత్రమూ దాన్ని కొట్టేయలేదు.

‘సైకిల్‌ను’ అని కాక ‘సైకిలును’ అనండి. బహువచనం ‘సైకిల్స్’ కాదు, సైకిళ్ళు. కాలు కాళ్ళయినట్టు, వేలు వేళ్ళయినట్టు సైకిలు సైకిళ్ళయింది. పెడలు పెడళ్ళు, హ్యాండిలు హ్యాండిళ్ళు అన్నాం. మీరూ ఉత్తరంలో హ్యాండిళ్ళనే రాశారు. పరాయి మాటకు మన బహువచనం పట్టిందంటే అది మన మాటే. ఆ మాటకొస్తే గ్రీకు కుక్లోస్ నుంచి వచ్చిన సైకిలూ, సంస్కృత చక్రమూ ఒకే మూలం నుంచి చీలిన చుట్టాలు. ద్విచక్రిక అని రాసి సాధించేది ఏమీ లేదు.

‘తుప్పు పట్టిన ఇత్తడి బిళ్ళ’ అన్నారు. ఇనుముకు పట్టేది తుప్పు, పాత రూపం త్రుప్పు. ఇత్తడికీ రాగికీ పట్టేది కిలుము, చిలుము అని కూడా అంటారు. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్ళలో రెండూ తొందరగానే పడతాయి. బిందెలు చింతపండుతో తోమిన ఏ ఇల్లాలినడిగినా తేడా చెబుతుంది. మీ సైకిలులో గొట్టాలకు తుప్పు, బిళ్ళకు కిలుము.

ఇప్పుడు నేను కాస్త ఆగాలనుకున్న మాట దగ్గరికి వచ్చాను. అది ‘గుర్తించి’. వార్తల భాషలో ఈ మాట చేయని పని లేదు. శవాన్ని గుర్తించారు, లోపాన్ని గుర్తించారు, లబ్ధిదారులను గుర్తించారు. అన్ని పనులూ దీనికే అప్పగించాక ఏ పనీ స్పష్టంగా కనిపించదు. ముందు చూసి ఉన్నదాన్ని మళ్ళీ చూసినప్పుడు గుర్తుపడతాం. రాముడి ఉంగరం చూసి సీత హనుమంతుణ్ణి నమ్మింది, అది ఆనవాలు. మీరు చేసింది ఈ రెండూ కాదు. మీరు ఎన్నడూ ఎరగని వయసును, ఊరును, పక్కన ఇంకోటి పెట్టి చూసి తేల్చారు. దానికి మన గోదావరి జిల్లాల్లో మంచి మాట ఉంది, పోల్చడం. “చిక్కిపోయావురా, పోల్చుకోలేకపోయాను” అని మామ్మగారు అని ఉంటారు. మారు–మార్చు, చేరు–చేర్చు, కాలు–కాల్చు అన్నట్టే పోలు–పోల్చు. పోలికలు కలిపి చూడటమే పోల్చడం, అలా చూసి ఫలానా అని తెలుసుకోవడమూ పోల్చడమే. రెండు అర్థాలూ ఒకే క్రియలో ఉండటం ఎంత అందంగా ఉందో చూడండి. పాత సైకిలు విషయంలో జరిగేది అక్షరాలా అదే.

మీ హబ్బు, అంటే చక్రం నడిబొడ్డు, సంగతే తీసుకుందాం. స్టర్మీ ఆర్చర్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1902లో మొదలైన కంపెనీ. తమ గేర్ల హబ్బుల మీద సంవత్సరంలోని చివరి రెండంకెలు, చాలావాటి మీద నెల కూడా ముద్ర వేసేవారు. 51 అంటే 1951. కానీ అది హబ్బు వయసు. చక్రం ఎప్పుడో మార్చి ఉంటే సైకిలు అంతకంటే ముందుదో తర్వాతదో కావచ్చు. తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు వేసిన తేదీ ఆ ప్రతిదే అవుతుంది, కావ్యానిది కాదు. మాకు గురువులు మొదట నేర్పే జాగ్రత్త అది. సైకిలుకూ అదే వర్తిస్తుంది. కాబట్టి సీటు గొట్టం దగ్గరో, పెడళ్ళ ఇరుసు కిందో ఫ్రేము మీద కొట్టిన నంబరు చూడాలి. గొట్టాలు కలిసేచోట అతుకుల ఆకారం చూడాలి. పళ్ళచక్రంలో కోసిన బొమ్మ చూడాలి. కొంగ తల ఉంటే ర్యాలీ. మన కోనసీమ ర్యాలికీ దీనికీ సంబంధం లేదు, ఇది నాటింగ్‌హామ్ ర్యాలీ. బిళ్ళ మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటే బి.ఎస్.ఏ. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసిన కంపెనీ కాబట్టి ఆ గుర్తు. పేరు ఇంగ్లీషుదైనంత మాత్రాన సరుకు ఇంగ్లండుదే అనడానికీ లేదు. మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులీస్ సైకిళ్ళు చేసిన టి.ఐ. సైకిల్స్ 1949లోనే పుట్టింది. ఇన్ని పోలికలు కలిస్తేనే పోల్చడం పూర్తవుతుంది. అందుకే ‘సైకిలును గుర్తించాం’ అనే బదులు ‘ఏ కాలందో పోల్చుకున్నాం’ అనండి. అప్పుడు మీరు పడ్డ శ్రమ కూడా వాక్యంలో కనిపిస్తుంది.

టెన్షన్ అనే మాటను నేను కాదనను, అందరం అంటున్నాం. అయితే తెలుగులో టెన్షన్ మనుషులకే వస్తుంది, పరీక్ష హాలు ముందు, ఆసుపత్రి వరండాలో. చైనుకు ఉండేది బిగువు. ఈ సైకిళ్ళలో ముందు పెడళ్ళనూ వెనక పెడళ్ళనూ కలిపే చైను మామూలుగా ఎడమవైపు ఉంటుంది, వెనక చక్రాన్ని తిప్పేది కుడివైపు. ఎడమ చైను వదులైతే పళ్ళ మీంచి జారుతుంది, ఇద్దరి అడుగూ తప్పుతుంది. అందుకని చాలావాటిలో ముందు ఇరుసును ఒక గుండ్రటి దిమ్మలో నడిమధ్యన కాకుండా ఓ పక్కకు అమరుస్తారు. దిమ్మను కొద్దిగా తిప్పితే ఇరుసు ముందుకు జరిగి చైను బిగుస్తుంది. మీ మెకానిక్‌కు కష్టమైంది అక్కడే అయి ఉంటుంది. ‘చైను టైటు చేశాను’ అని అతను అని ఉంటే అలాగే రాయండి, అదీ మంచి తెలుగే.

చివరిది పునరుద్ధరణ. ముందు అక్షరదోషం. ఉత్ అనే ఉపసర్గ మీద హరణం చేరితే ఉద్ధరణం, ద కింద ధ వత్తు వస్తుంది. ‘పునరుద్దరణ’ తప్పు. ఆగిపోయిన వ్యవస్థ మళ్ళీ నడిస్తే ఆ మాట బాగుంటుంది. 1996 నవంబరు తుపాను కోనసీమను కూల్చేశాక కరెంటు సరఫరాను పునరుద్ధరించారు, అక్కడ అది సరైన మాట. గుడికైతే జీర్ణోద్ధరణ అంటాం. జీర్ణం అంటే అరిగినది. సంస్కృతంలో అన్నానికీ గుడికీ ఆ ఒక్క మాటే. తెలుగులోనూ అన్నం అరుగుతుంది, చెప్పులు అరుగుతాయి, మీ సైకిలు పెడలు రబ్బరూ అరుగుతుంది. సైకిలు షాపులో దీన్నే ‘ఓవరాయిలింగ్’ అంటారు. ఇంగ్లీషు ఓవర్‌హాలింగ్ మన చేతుల్లో ఆయిలు చేర్చుకుంది. విప్పి, కడిగి, నూనె పెట్టి బిగించే పనికి ఆ పేరు చక్కగా కుదిరింది.

మీ సైకిలుకు నేను సూచించేది ‘బాగుచేయించాం’. దీనికి బలమైన కారణం ఉంది. ‘పునరుద్ధరించాము’ అంటే పనంతా మీరే చేసినట్టు వినిపిస్తుంది. బాగుచేయించు అన్నప్పుడు ఆ ‘ఇంచు’లో మెకానిక్ కూడా ఉంటాడు. ఇంకో అడుగు వేసి ఏమేం చేయించారో చెప్పండి. కిరసనాయిలుతో కడిగించారా, బాల్స్ మార్పించారా, రిమ్ముకు బెండు తీయించారా? ముఖ్యంగా రంగు. పాత రంగూ దానిమీది బంగారు గీతలూ అలాగే ఉంచారా, గీకించి కొత్తది వేయించారా? పునరుద్ధరణ అనే మాట కింద ఈ రెండూ ఒకటైపోతాయి. రేపు మీ మనవడు ఈ సైకిలును ఇంకోదాంతో పోల్చుకోవాలంటే ఏది పాతదో, ఏది మీరు వేయించినదో తెలియాలి.

వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: “కిలుము పట్టిన ఇత్తడి బిళ్ళను బట్టీ, హబ్బు మీది 51 అంకెను బట్టీ మా జోడు సైకిలు ఏ కాలందో పోల్చుకున్నాం. మెకానిక్ చేత బాగుచేయించాం. రెండు ఇరుసులనూ కలిపే చైనుకు బిగువు కుదర్చడమే అతనికి కష్టమైంది.”

ఒక సంగతి మామ్మగారిని అడిగి నాకు రాయండి. ఇంగ్లీషువాళ్ళు ఈ సైకిలు మీద ముందు కూర్చున్నవాణ్ణి కెప్టెన్ అంటారు, వెనకవాణ్ణి స్టోకర్ అంటారు. స్టోకర్ అంటే ఆవిరి ఓడలో బొగ్గు వేసేవాడు. మన గోదావరి లాంచీకి సరంగు ఉన్నాడు. మీ తాతగారూ చినతాతగారూ తమలో తాము ముందువాణ్ణి ఏమనుకునేవారు, వెనకవాణ్ణి ఏమనుకునేవారు?