మీ ప్రశ్న – మా జవాబు: కాలేజ్ ఫుట్‌బాల్ జట్టులో ఖాళీ ఎక్కడుంది?

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో (సాకర్ కాదు, బంతిని చేత పట్టుకుని ఆడే అమెరికన్ ఆట) ఆటగాళ్ల ఎంపికపై ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. కొన్ని ఇక్కడి అభిమానులవి, ఎక్కువ అక్కడ పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులవి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఓహయో స్టేట్ యూనివర్సిటీ జట్టు ఆటలు రాత్రి మేలుకుని చూస్తాను. ఏటా అయిదు నక్షత్రాల (అత్యున్నత రేటింగ్ ఉన్న) కుర్రాళ్లను అంతమందిని తెచ్చుకునే జట్టులో కూడా ఫలానా స్థానానికి మనిషి లేడంటారు. ఎందుకని? కోచ్‌లు ఈ అవసరాన్ని ఎలా లెక్క కడతారు?
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోచ్‌లు మొదట చూసేది ప్రతిభను కాదండి, సంవత్సరాలను. రిక్రూటింగ్ గదిలో బోర్డు మీద అడ్డంగా స్థానాలు, నిలువుగా చదువు సంవత్సరాలు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో పేరు. వచ్చే ఏడాది ఎవరు వెళ్లిపోతారు, ఆ మరుసటి ఏడు ఎవరు మిగులుతారు అన్నదే అసలు లెక్క. ఈనాటి ఆటలో ఎవరు బాగా ఆడారన్నది ఆ తర్వాతి మాట.

అఫెన్సివ్ లైన్‌నే తీసుకోండి, అంటే బంతి మన దగ్గరున్నప్పుడు ఎదుటివాళ్లను అడ్డుకునే ముందు వరుస. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, అంచుల్లో టాకిల్‌లు. మైదానంలో ఉండేది అయిదుగురు. వాళ్ల వెనక ఇంకో అయిదుగురు సిద్ధంగా ఉండాలి. అప్పుడే స్కూలు వదిలి వచ్చి ఒళ్లు పెంచుకుంటున్న వాళ్లు మరో అయిదారుగురు. మొత్తం 15, 16 మంది. నాలుగేళ్లకు పంచితే ఏటా నలుగురిని తేవాలి. ఒక ఏడాది ఇద్దరితో సరిపెట్టుకుంటే ఆ ఏడాది ఎవరికీ ఏమీ తెలియదు, మరుసటి ఏడూ తెలియదు. మూడో ఏట ఆ ఇద్దరిలో ఒకడు వేరే కాలేజీకి పోయి, ఇంకొకడికి మోకాలు పోతే అప్పుడు బయటపడుతుంది. లైన్‌మన్ 18 ఏళ్లకు 270, 280 పౌండ్లతో వస్తాడు. కాళ్ల వేగం తగ్గకుండా 300 దాటడానికి రెండేళ్లు పడుతుంది. కాబట్టి గొయ్యి కనిపించాక హైస్కూల్ పిల్లలతో దాన్ని పూడ్చలేరు.

ఈ స్థానాల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి జరపడం అన్ని వైపులా కుదరదు. అంచున ఆడే టాకిల్‌కు 6 అడుగుల 4 అంగుళాలకు పైన ఎత్తు, 33 అంగుళాలకు తగ్గని చేతులు అడుగుతారు. అలాంటివాడు లోపలికి, గార్డ్‌గా జరగగలడు. పొట్టి చేతుల గార్డ్ బయటికి జరిగితే వేగంగా చుట్టూ తిరిగొచ్చే డిఫెండర్‌ను అందుకోలేడు. అందుకే తెలివైన కోచ్ సందేహం ఉన్నప్పుడు టాకిల్‌నే తీసుకుంటాడు.

మీ జట్టులోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2024 అక్టోబర్‌లో ఆరెగన్‌తో ఆటలో లెఫ్ట్ టాకిల్ జోష్ సిమన్స్ మోకాలికి దెబ్బ తగిలి సీజన్ అంతా పోయింది. తర్వాత లెఫ్ట్ గార్డ్ డొనోవన్ జాక్సన్‌ను టాకిల్‌కు జరిపారు. పొడవు చేతులవాడు కాబట్టి నిలదొక్కుకున్నాడు. అతని గార్డ్ స్థానంలోకి కార్సన్ హింజ్‌మన్ వచ్చాడు. నవంబర్‌లో సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్‌కు మడమ వెనక స్నాయువు తెగితే హింజ్‌మన్ సెంటర్‌కు వెళ్లాడు, గార్డ్‌లో ల్యూక్ మాంట్‌గోమరీ దిగాడు. రెండు గాయాలకు మూడు స్థానాలు కదిలాయి. అయినా 2025 జనవరి 20న నోటర్ డామ్‌ను 34–23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. ఆ సీజన్‌లో పరుగుల్ని, క్యాచ్‌ల్ని అందరూ పొగిడారు. మా దృష్టిలో ఆ కప్పు తెచ్చింది లైన్‌లో ఎనిమిదో మనిషి దాకా దాచుకున్న ముందుచూపే.

ప్రశ్న: ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) ఉంది కదా, కావలసినవాణ్ణి అప్పటికప్పుడు తెచ్చుకోవచ్చు. ఇంక హైస్కూల్ పిల్లల వెంట పడటం ఎందుకు?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్ని స్థానాలకూ ఒకే దారి లేదండి. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు), అఫెన్సివ్ లైన్, డిఫెన్సివ్ టాకిల్ (ఎదుటి లైన్‌ను మధ్యలో ఢీకొనేవాడు): ఈ మూడింటికీ వయసు, ఒళ్లు, అనుభవం కావాలి, కాబట్టి పోర్టల్ పనికొస్తుంది. పైన చెప్పిన సిమన్స్ శాన్ డియాగో స్టేట్ నుంచి, మెక్‌లాక్లిన్ అలబామా నుంచి, అప్పటి క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ కాన్సాస్ స్టేట్ నుంచి వచ్చినవాళ్లే. వైడ్ రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు), కార్నర్‌బ్యాక్ (అతన్ని కాపు కాసేవాడు), రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు): వీళ్లకు వేగం ప్రధానం. మంచివాడైతే మొదటి ఏడాదే దింపవచ్చు, హైస్కూల్ నుంచి తెచ్చుకోవడమే లాభం.

చిక్కంతా తేదీల్లో ఉంది. హైస్కూల్ పిల్లలు డిసెంబర్ మొదటి బుధవారం నుంచి సంతకాలు పెడతారు. 2026లో పోర్టల్ తెరిచింది జనవరి 2 నుంచి 16 వరకే, ఏప్రిల్ విండో ఎత్తేశారు. అంటే తన దగ్గరున్నవాళ్లలో ఎవరు వెళ్లిపోతారో తేలకముందే కోచ్ కొత్తవాళ్లతో సంతకం పెట్టించుకోవాలి. అందుకే నవంబర్‌లోనే ప్రతి ఆటగాణ్ణీ పిలిచి ఉంటావా, పోతావా అని విడిగా మాట్లాడతారు. ఆ పని సరిగ్గా చేయని జట్టు జనవరిలో ఒకే స్థానానికి ముగ్గురిని కోల్పోయి హడావుడి పడుతుంది.

తొందరలో తెచ్చుకున్నప్పుడు రెండు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది వీడియో. చిన్న కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల లీగ్‌లో) అందరినీ తోసేసిన లైన్‌మన్‌కు అక్కడ ఎదురైనవాళ్లు 270 పౌండ్ల డిఫెండర్లు. ఆ ఏడాది అతని జట్టు పెద్ద జట్టుతో ఆడిన ఒకటి రెండు ఆటలే పూర్తిగా చూడాలి, మిగతావి పక్కన పెట్టొచ్చు. రెండోది చదువు. ఆటకు అర్హత నిలవాలంటే రెండో ఏడు ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏటికి 60, నాలుగో ఏటికి 80 శాతం పూర్తయి ఉండాలి. పాత కాలేజీ క్రెడిట్లను కొత్త కాలేజీ తన డిగ్రీలో లెక్కించకపోతే, ఎంత గొప్ప ఆటగాడైనా బెంచీ మీద కూర్చోవాల్సిందే.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు పదో తరగతి, చిన్నప్పటి నుంచి సాకర్. స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో కిక్కర్‌గా (బంతిని కాలితో కొట్టేవాడిగా) తీసుకున్నారు, కోచ్ బాగా కొడుతున్నాడంటున్నారు. కాలేజీలో అవకాశం ఉంటుందా? ఎలా మొదలుపెట్టాలి?
— ఒక తల్లి

జవాబు: ఉంటుందమ్మా. కానీ ఖాళీ అన్న మాట కిక్కర్ విషయంలో ఉన్నంత కచ్చితంగా ఇంకెక్కడా ఉండదు. రిసీవర్లు డజను మంది ఉండే జట్టులో కిక్కర్లు ఒకరో ఇద్దరో. స్కాలర్‌షిప్ మీద ఉన్నవాడు కుదురుకుంటే ఆ కాలేజీ మూడు నాలుగేళ్ల దాకా ఇంకొకణ్ణి చూడదు. కాబట్టి మంచి కాలేజీ ఏది అని వెతకకండి, 2028లో కిక్కర్ ఖాళీ అయ్యే కాలేజీ ఏది అని వెతకండి. మీ బాబు స్కూలు ముగించే ఏడు అది కాకపోతే సంవత్సరం మార్చుకుని ఇదే పద్ధతి పాటించండి.

ఓ 40 కాలేజీల పేర్లు రాసుకోండి. పెద్ద జట్లు పది, మిగతావి ఎఫ్‌సీఎస్ (డివిజన్ వన్‌లోనే రెండో మెట్టు), దాని కిందివైన డివిజన్ టూ, డివిజన్ త్రీ కలిపి. ఒక్కోదాని వెబ్‌సైట్‌లో రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) తెరిచి కిక్కర్ల పేర్ల పక్కన వాళ్ల సంవత్సరం చూడండి. సీనియర్ అని ఉన్నా సరిపోదు. అతనికి ఇంకో ఏడాది మిగిలిందేమో చూడాలి. డివిజన్ వన్‌లో అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు, నాలుగు ఆటలకు మించకపోతే ఆ సీజన్ లెక్కలోకి రాదు. అతని వెనక మొదటి సంవత్సరం కిక్కర్ ఒకడు కూర్చున్నాడంటే ఆ కాలేజీ కొట్టేయండి. ఇలా చూస్తే 40లో ఏడెనిమిది మిగలవచ్చు, మీ శ్రమంతా వాటి మీద పెట్టండి. పోర్టల్ ముగిశాక, జనవరి చివర్లో, పట్టిక మళ్లీ సరిచూసుకోవాలి.

వీడియో విషయంలో చాలామంది తల్లిదండ్రులు పాటలు, స్లో మోషన్ పెట్టి పాడు చేస్తారు. కోచ్‌కు కావలసింది కోత లేని ఒకే షాట్. వరసగా పది ఫీల్డ్ గోల్స్ (గోల్‌పోస్టుల మధ్య నుంచి పోయేలా కొట్టే కిక్‌లు), తప్పినవి కూడా అందులోనే ఉండాలి. కెమెరా కిక్కర్ వెనక నిలబెట్టండి, కాలూ బంతీ గోల్‌పోస్టులూ ఒకే ఫ్రేములో పడాలి. బంతి నేల మీదే ఉండాలి. హైస్కూల్లో సాధారణంగా 2 అంగుళాల దిమ్మె మీద పెట్టి కొట్టనిస్తారు, కాలేజీలో ఫీల్డ్ గోల్‌కు దిమ్మె లేదు. పదకొండో తరగతి దాకా దిమ్మె మీదే అలవాటైన పిల్లలు నేల మీదికొచ్చేసరికి బంతి అడుగుభాగం అందక తక్కువ ఎత్తులో కొడతారు, అది ఎదుటివాళ్ల చేతుల్లోకే పోతుంది. ఈ వేసవి నుంచే దిమ్మె తీసేయండి.

సాకర్ పిల్లల్లో మరో అలవాటు, బంతిని లేపడానికి వెనక్కి వాలడం, పాదాన్ని బంతి చుట్టూ అడ్డంగా తిప్పడం. బంతి ఎడమకు వంకర పోతుంది (కుడికాలి వాడికి). ఛాతీ బంతి మీద ఉండాలి, కొట్టిన కాలు గోలు వైపే సాగాలి. ఆనించే పాదం బంతికి పక్కనే, సుమారు ఒక అడుగు దూరంలో పడాలి. బంతిని వెనక్కి అందించింది మొదలు కాలు తగిలేదాకా 1.3 సెకన్లు మించకూడదు, కాబట్టి స్నాపర్ (బంతిని వెనక్కి అందించేవాడు), హోల్డర్ (దాన్ని నేల మీద నిలిపి పట్టుకునేవాడు) ఇద్దరితో కలిసి సాధన చేయకుండా ఒంటరిగా ఎంత దూరం కొట్టినా కోచ్ నమ్మడు. కాలేజీలో కికాఫ్ (ఆట మొదలుపెట్టే కిక్) 35 గజాల గీత నుంచి కొడతారు. గోల్ లైన్ దాకా 65 గజాలు. అంత దూరం, గాలిలో 4 సెకన్లు, ఈ రెండూ నిలకడగా వస్తే పెద్ద జట్లు కూడా చూస్తాయి.

పదకొండో తరగతి సెప్టెంబర్ 1కి ముందు డివిజన్ వన్ కాలేజీ కోచ్ మీ మెయిల్‌కు జవాబివ్వకూడదు. ప్రశ్నావళి, క్యాంప్ సమాచారం మాత్రం పంపవచ్చు. జవాబు రాలేదని నిరాశపడకండి. మెయిల్ హెడ్ కోచ్‌కు కాదు, కిక్కర్లను చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్‌కు రాయాలి. రాసేది బాబే. సబ్జెక్ట్‌లో స్కూలు ముగించే సంవత్సరం, స్థానం, జీపీఏ, కికాఫ్ దూరం ఉంటే చాలు. ఆ తర్వాత ఆ కాలేజీ వేసవి క్యాంప్‌కు తప్పకుండా వెళ్లండి. కిక్కర్‌ను కళ్లతో చూడకుండా ఎవరూ తీసుకోరు.

ప్రశ్న: మేం ఇండియా నుంచి వచ్చి రెండేళ్లయింది. మా అబ్బాయి తొమ్మిదో తరగతి హైదరాబాద్‌లో చదివాడు. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) అర్హతకు ఇబ్బందా?
— డాలస్ ప్రాంతం నుంచి ఒక తండ్రి

జవాబు: మార్కులతో మన పిల్లలకు సాధారణంగా ఇబ్బంది రాదు. డివిజన్ వన్‌కు అడిగేది 16 కోర్ కోర్సుల్లో 2.3 జీపీఏ. వాటిలో ఇంగ్లిష్ 4, ఆల్జీబ్రా 1 నుంచి మొదలై లెక్కలు 3, సైన్స్ 2, ఈ మూడింట్లో ఏదైనా మరొకటి, సోషల్ 2, మిగతా నాలుగు ఇతర కోర్సులు. 2023 నుంచి శాట్ అక్కర్లేదు. పన్నెండో తరగతి మొదలయ్యేలోగా 10 పూర్తి కావాలి, అందులో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ నుంచే. ఆ పదింటి గ్రేడ్లు అక్కడితో ఖరారు, మళ్లీ చదివి పెంచుకోలేరు.

మీలాంటి వారికి అసలు ప్రమాదం గడువుతో. తొమ్మిదో తరగతి ఎక్కడ మొదలుపెట్టినా నాలుగేళ్ల లెక్క ఆ రోజు నుంచే. ఇక్కడికొచ్చాక సర్దుకుంటాడని మళ్లీ తొమ్మిదిలో చేర్చి ఉంటే ఆఖరి ఏడాది కోర్సులు లెక్కలోకి రాకపోవచ్చు. అలా జరిగి ఉంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఇప్పుడే ఖాతా తెరవండి, చివరిదాకా ఆగకండి. హైదరాబాద్ స్కూలు నుంచి తొమ్మిదో తరగతి మార్కుల పత్రం అధికారికంగా తెప్పించుకోండి. టెక్సస్‌లో ఇంకొకటి: సాధారణంగా ఏ సబ్జెక్టులోనైనా 70 తగ్గితే కనీసం మూడు వారాలు ఆట బంద్.

ప్రశ్న: మేం హెచ్–1బీ, బాబు హెచ్–4. స్కాలర్‌షిప్ వస్తే తీసుకోవచ్చా? ఎన్ఐఎల్ డబ్బు సంగతి?
— అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, అది ఉద్యోగం కాదు. ఎన్ఐఎల్, అంటే పేరు, బొమ్మ వాడుకున్నందుకిచ్చే డబ్బు, వేరే సంగతి. హెచ్–4 పిల్లలకు పని చేసే అనుమతి లేదు, 21 నిండాక మారే ఎఫ్–1లోనూ చాలా పరిమితం. ప్రకటన కోసం అమెరికా గడ్డ మీద చేసిన షూటింగ్ పని కిందికి వస్తుందంటే వీసాకే ముప్పు, గ్రీన్‌కార్డ్ వరుసలో ఉన్నవాళ్లకు మరీ ముప్పు. కాలేజీలు 2025 నుంచి ఆటగాళ్లకు నేరుగా పంచుతున్న ఆదాయం కూడా ఇదే ప్రశ్న కిందికొస్తుంది. కోచ్ ఏం పర్వాలేదన్నాడని సంతకం పెట్టొద్దు. ఇమిగ్రేషన్ లాయర్‌ను, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి లాంగ్ స్నాపర్. ఒక కాలేజీ వాకాన్‌గా (స్కాలర్‌షిప్ లేకుండా) రమ్మంటోంది. చేరమంటారా?
— న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి

జవాబు: 2025 నుంచి రెవెన్యూ పంచే ఒప్పందంలో చేరిన జట్లకు 85 స్కాలర్‌షిప్‌ల హద్దు పోయి, మొత్తం రోస్టర్‌కే 105 హద్దు వచ్చింది. అంతకుముందు వాకాన్‌లతో కలిపి 120 దాటేవారు. ఆ కోత ఎక్కువగా వాకాన్‌ల మీదే పడింది. ఆగస్టు శిబిరానికి ఎక్కువమందిని పిలిచి మొదటి ఆటలోగా తగ్గించవచ్చు. కాబట్టి కోచ్‌ను మూడు అడగండి: సీజన్‌లో 105లో నా పేరుంటుందా, స్నాపర్లు ఎందరున్నారు, ఈ ఏడు ఇంకెవరినైనా తెస్తున్నారా? మొదటిదానికి సూటిగా అవునని రాసిస్తే చేరండి. చూద్దాం అన్నాడంటే, పంట్ (బంతిని దూరంగా తన్నే కిక్) కోసం స్నాప్ 0.75 సెకన్లలోపు అందించగల పిల్లాడికి ఎఫ్‌సీఎస్‌లో ఖాళీ వెతకడమే మేలు.