86 ఏళ్ల వయసులో గుండెపోటు వస్తే స్టెంట్ వేయించాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మకి 86 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నా తన పనులు తనే చేసుకుంటుంది. మా వీధిలో ఆ వయసు పెద్దాయనకి గుండెపోటు వస్తే కాకినాడ తీసుకెళ్లి స్టెంట్ వేయించారు. నాలుగో రోజునే పోయారు. 'ఈ వయసులో ఆ యాతన ఎందుకు' అంటున్నాడు అన్నయ్య. రేపు అమ్మకి అలా వస్తే ఏం చేయాలి?

జవాబు: ఆ పెద్దాయనకి ఎప్పుడు మొదలైంది, ఎన్ని గంటలకి ఆసుపత్రికి చేరారు అన్నది మీరు రాయలేదు. ఫలితం చాలావరకు తేలేది అక్కడే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో, 80 దాటినవారికి వెంటనే స్టెంట్ వేసినా నూటికి సుమారు పది నుంచి ఇరవై మంది ఆసుపత్రిలోనే చనిపోతారు. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లాక తీసుకొస్తే దాదాపు సగం మంది దక్కరు. ఏమీ చేయకపోతే పోయేవారు ఇంకా ఎక్కువ. కాబట్టి మీ అమ్మగారిలా తిరుగుతున్న మనిషికి వయసు చూసి వైద్యం ఆపకండి. ఏళ్లుగా మంచాన పడ్డవారి విషయంలో, ముదిరిన క్యాన్సర్ ఉన్నవారి విషయంలో మీ అన్నయ్య మాట న్యాయమే.

పెద్దవాళ్లకి, అందులోనూ షుగర్ ఉంటే, ఛాతీనొప్పి రాకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, కళ్లు తిరిగి పడటం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, ఇంతే. గ్యాస్ అని సోడా తాగిస్తారు, నీరసమని సెలైన్ పెట్టిస్తారు. దెబ్బతిన్న గుండె ఆ నీటిని తోడలేక ఊపిరితిత్తుల్లోకి వదిలేస్తుంది. 108కి ఫోన్ చేసి, ఆస్పిరిన్ 300 మి.గ్రా. నమిలించండి. పళ్లు లేకపోతే నీళ్లలో కరిగించండి. నల్లటి విరేచనాలు అవుతున్నా, మూతి వంకరపోయినా మాత్రం ఇవ్వొద్దు. బీపీ చూడకుండా నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాల్ని వదులు చేసే మాత్ర, బీపీ దించేస్తుంది) పెట్టొద్దు.

నేరుగా కాకినాడ బండెక్కకండి. ముందు దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ. నాళం మూసుకుపోయిందని తేలి, అక్కడినుంచి 120 నిమిషాల్లో స్టెంట్ పడే వీలు లేకపోతే, నాళంలోని రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ అక్కడే ఇవ్వాలి. మీ ఊరి దూరానికి జరిగేది దాదాపు ఇదే. పోటు మొదలైన 3 గంటల్లోపు ఈ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే ఇవ్వరు. 75 దాటినవారికి సగం డోసే: 55 కిలోల మనిషికి 30 మి.గ్రా. బదులు 15. పూర్తి డోసు ఇస్తే మెదడులో రక్తస్రావం భయం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా మొదట్లో నాలుగు మాత్రలు కాదు, ఒక్క 75 మి.గ్రా. మాత్రే.

ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గిందని ఇంటికి తెచ్చేసేవాళ్లున్నారు. నాళం మళ్లీ మూసుకుపోతుంది. ఇంజెక్షన్ అవగానే స్టెంట్ వేసే ఆసుపత్రికి బయలుదేరాలి. 60-90 నిమిషాలకి ఈసీజీ కుదుటపడకపోతే వెంటనే, కుదుటపడితే 2 నుంచి 24 గంటల్లో యాంజియోగ్రామ్. మణికట్టు నుంచి చేయమని అడగండి, తొడ దగ్గరకంటే రక్తస్రావం తక్కువ. ఐసీయూలో రాత్రిళ్లు కలవరిస్తే కంగారుపడకండి, కళ్లజోడు, వినికిడి యంత్రం అందించండి.

నాళం పూర్తిగా మూసుకుపోని పోటు అయి, మనిషి నిలకడగా ఉంటే యాంజియోగ్రామ్‌కి అంత తొందర ఉండదు. 2024లో వెలువడిన సీనియర్-రీటా పరిశోధనలో 75 దాటినవారికి మందులతో పాటు యాంజియోగ్రామ్ చేసినా, మందులే ఇచ్చినా, గుండెజబ్బు మరణాలు, మళ్లీ పోటు కలిపి లెక్కిస్తే పెద్ద తేడా రాలేదు. మళ్లీ పోటు మాత్రం యాంజియోగ్రామ్ వైపు తగ్గింది. అక్కడ అమ్మగారి ఇష్టం అడిగి తేల్చుకోవచ్చు.

టెనెక్టెప్లేజ్ మీకు దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉందో ఇప్పుడే కనుక్కోండి. అమ్మగారి బరువు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), వాడే మందులు, రక్తం పలచబరిచేవి ఏమన్నా ఉంటే అవి, ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా అన్నది ఒక కాగితం మీద రాసి పాత ఈసీజీతో కలిపి పెట్టండి. సంతకం పెట్టేది మీరో మీ అన్నయ్యో కూడా ఇప్పుడే అనుకోండి.