గేర్‌బాక్స్ వేడెక్కేదాకా ఆగు

చిన్నా,

సెకండ్‌హ్యాండ్ కారు చూసి వచ్చావనీ, ఇంజన్ చప్పుడే లేదనీ, నీకు బాగా నచ్చేసిందనీ మీ అమ్మ చెప్పింది. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదంటే నా మనసు కుదుటపడింది. గేర్‌బాక్స్ ఎలా ఉందని అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఉత్తరం.

నా మొదటి ఆటోమేటిక్ కారు అమ్మినాయన పక్కన కూర్చుని పది నిమిషాలు తిప్పించాడు. మెత్తగా సాగింది, డబ్బిచ్చేశాను. ఇంటికొస్తుంటే అరగంట తర్వాత ఎత్తు ఎక్కే చోట ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలదు. మీ అత్తయ్య ఒళ్ళో పసిపిల్ల, వెనక లారీ హారన్. గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కితే పలచబడుతుంది. లోపల ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు అరిగి ఉంటే ప్రెషర్ నిలవదు, క్లచ్‌లు జారిపోతాయి. పది నిమిషాల్లో అది బయటపడదు. నువ్వు కనీసం ముప్పావుగంట నడపాలి. ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు.

ముందే స్టార్ట్ చేయొద్దని చెప్పి వెళ్ళు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడుగు. చల్లటి బండిలో బ్రేక్ తొక్కి పట్టుకుని డీలో, అంటే ముందుకు నడిపే గేరులో వెయ్యి, తర్వాత రివర్స్‌లో వెయ్యి. ఒకటి రెండు సెకన్లలో గేరు పడినట్టు తెలియాలి. ఆలస్యమైనా, ధన్‌మని కొట్టినా మంచిది కాదు.

రోడ్డెక్కాక పాటలు, ఏసీ ఆపేసి, మాటలు కూడా ఆపేయ్. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు మీద ఒక కన్నేసి ఉంచు. ముల్లు పైకి లేచి స్పీడు పెరగకపోతే గేరు జారుతున్నట్టే. గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల మధ్య యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి ఒకే వేగంలో పోనివ్వు. గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు సన్నగా వణికితే ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్‌ని అనుమానించాలి.

తిరిగొచ్చాక ఆయిల్ చూడు. గేర్ ఆయిల్‌కి డిప్‌స్టిక్, అంటే మట్టం చూసే కడ్డీ, ఉన్న బండైతే, ఒక చుక్క తెల్ల కాగితం మీద వెయ్యి. చాలా ఆటోమేటిక్‌లలో కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది, వాడేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. దానికి భయపడకు. నల్లగా ఉండి మాడువాసన వస్తే, వేళ్ళ మధ్య రుద్దినప్పుడు ఇసుకలా గరగరలాడితే వదిలెయ్. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్ళు గేర్‌బాక్స్‌లోకి చేరి ఉంటాయి. దానికి బేరం కూడా ఆడొద్దు. ఈ మధ్య చాలా బండ్లకి డిప్‌స్టిక్ ఉండదు. అప్పుడు ఆయిల్ మార్పించిన బిల్లు అడుగు. జీవితాంతం మార్చక్కర్లేదు అనే మాట నేను నమ్మను. వేడికి ఏ ఆయిలైనా పాడవుతుంది.

మాన్యువల్ బండైతే పని సులువు. నలభైలో వెళ్తూ నాలుగో గేరులో గట్టిగా తొక్కు. ఇంజన్ గోల పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు కరకరమంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోనైజర్ రింగులు అరిగినట్టు. న్యూట్రల్‌లో వచ్చే రొద క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగుది. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగుది.

ఇంత చూసినా బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ ఉన్న మెకానిక్‌కి ఒకసారి చూపించు. డ్యాష్‌బోర్డు మీద లైటు లేదని ఊరుకోవద్దు. అందులో నమోదైన లోపాల కోడ్లు చెరిపేస్తే లైటు కొన్నాళ్ళు రాదు. అయితే బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్‌లో కనిపిస్తుంది. బ్యాటరీ తీసి పెట్టినా అలాగే చూపిస్తుంది కాబట్టి, ఆ మాట అమ్మేవాళ్ళని అడుగు.

వెళ్ళే ముందు రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. నువ్వు రివర్స్ వేసేటప్పుడు బయట నిలబడి వినే మనిషి ఒకరు కావాలి.

మీ మామయ్య