దగ్గర పనులకు తిరిగే ట్రక్కు: డీజిలా, పెట్రోలా?

ప్రశ్న: నేను ప్లంబింగ్, మోటార్ల రిపేరు పనులు చేస్తాను. ఇన్నాళ్లూ సామాను అద్దె బండిలో వేసుకుని వెళ్లేవాణ్ని. ఇప్పుడు సొంతంగా చిన్న ట్రక్కు కొందామనుకుంటున్నాను. ఏడాదికి 15,000 కిలోమీటర్ల దాకా తిరుగుతాను, చాలావరకు దగ్గర దగ్గర పనులే. నెలకు రెండు మూడుసార్లు బరువైన సామానుతో ట్రైలర్ లాగాల్సి వస్తుంది. నాకు నచ్చిన మోడల్‌లో డీజిలు బండి ధర బాగా ఎక్కువ. అయినా మైలేజీలో ఆ డబ్బు తిరిగొచ్చేస్తుందని షోరూమ్ వాళ్లూ, సరుకు రవాణా చేసే మా బావమరిదీ డీజిలే తీసుకోమంటున్నారు. డీజిలు తీసుకుంటే నేను దాచుకున్న డబ్బంతా డౌన్ పేమెంట్‌కే అయిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పిన వివరాలను బట్టి పెట్రోలు బండే తీసుకోండి. మిగిలే డబ్బును ఖర్చు చేయకుండా పక్కన పెట్టండి. ఈ రెండో మాట మొదటిదాని కంటే ముఖ్యం. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ బావమరిది చెప్పింది ఆయన బండి వరకు నిజమే. లీటరు పెట్రోలులో కంటే లీటరు డీజిలులో పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. పైగా డీజిలు ఇంజన్ గాలిని గట్టిగా అదిమి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది కాబట్టి ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని పనిగా మార్చుకోగలదు. అందుకే అదే పనికి నాలుగో వంతు దాకా తక్కువ ఇంధనం తాగుతుంది. కానీ ఆ ఆదా కిలోమీటరుకు కొంత చొప్పున వస్తుంది. ఎక్కువ పెట్టిన ధర మాత్రం మొదటిరోజే చేతిలోంచి పోతుంది. కాబట్టి ఆయన ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారు, మీరు ఎన్ని తిప్పుతారు అన్నదే అసలు ప్రశ్న.

లెక్క వేద్దాం. డబ్బుల్లో కాకుండా పెట్రోలు లీటర్లలో వేస్తే రేట్లు మారినా లెక్క వేసే పద్ధతి మారదు. ఉదాహరణకు పెట్రోలు బండి 100 కిలోమీటర్లకు 12 లీటర్లు, డీజిలు బండి 9 లీటర్లు తాగుతాయనుకోండి. రెండింటి రేటూ ఒకటే అయితే 100 కిలోమీటర్లకు 3 లీటర్లు మిగులు. డీజిలుకు ఇంజన్ ఆయిలు ఎక్కువ పడుతుంది, ఫిల్టర్ల ఖర్చు ఎక్కువ, కొత్త బండ్లలో పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం కూడా పోస్తూ ఉండాలి. వాటికి అర లీటరు తీసేస్తే మిగిలేది రెండున్నర. ఇక డీజిలు బండికి అదనంగా పెట్టే ధర 2,500 లీటర్ల పెట్రోలుకు సమానం, ఆ అదనపు అప్పు మీద వడ్డీ మరో 500 లీటర్లు అనుకుందాం. మొత్తం 3,000 లీటర్లు. దాన్ని 100 కిలోమీటర్లకు రెండున్నర చొప్పున రాబట్టాలంటే 1,20,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 40,000 తిప్పే మీ బావమరిది లాంటివారికి మూడేళ్లలో తీరిపోతుంది. మీకు ఎనిమిదేళ్లు పడుతుంది. అదే డీజిలు రేటు పెట్రోలు కంటే పది శాతం ఎక్కువగా ఉంటే దూరం 1,87,500 కిలోమీటర్లకు పోతుంది. అంటే మీకు పన్నెండున్నరేళ్లు. షోరూమ్ వాళ్లు ఇచ్చిన కొటేషన్లు రెండూ పక్కన పెట్టుకుని, మీ ఊరి రేట్లతో ఇదే లెక్క ఒక కాగితం మీద వేసి చూడండి.

అమ్మేటప్పుడు డీజిలుకు ఎక్కువ ధర వస్తుందన్నది మామూలుగా నిజమే. ఉదాహరణకు 1,000 లీటర్ల విలువ తిరిగొచ్చిందనుకున్నా 80,000 కిలోమీటర్లు తిరగాల్సిందే, మీకు అయిదేళ్లు దాటుతుంది. ఆ రీసేల్ ధర మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోను. పాత డీజిలు బండ్ల మీద నగరాల్లో ఆంక్షలు పెరుగుతున్నాయి. లండన్‌లో పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద వేసే రుసుము తప్పాలంటే పెట్రోలు బండికి యూరో 4 అనే పొగ ప్రమాణం చాలు, డీజిలుకు ఇంకా కఠినమైన యూరో 6 ఉండాలి.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసింది మీరు రాసిన 'దగ్గర దగ్గర పనులే' అన్న మాట. ఇప్పటి డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. మసి నిండాక బండి దాన్ని తానే కాల్చేసుకోవాలి. అందుకు 600 డిగ్రీల దగ్గర వేడి కావాలి, బండి కాసేపు ఆగకుండా ఒకే జోరులో నడవాలి. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఇంజన్ ఆపేసి, గంట తర్వాత మళ్లీ మూడు కిలోమీటర్లు వెళ్లే బండికి ఆ అవకాశం దొరకదు. శుద్ధి మధ్యలోనే ఆగిపోతూ ఉంటే అందుకోసం అదనంగా పోసిన డీజిలు కొంత ఇంజన్ ఆయిల్లోకి జారుతుంది. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు తగ్గాల్సింది పోయి పై గీత దాటి కనిపిస్తుంది. అలా పలచబడ్డ ఆయిలుతో బేరింగులు, టర్బో అరిగిపోతాయి. ఫిల్టర్ మార్చాల్సి వస్తే అది మామూలు సర్వీసింగ్ బిల్లులా ఉండదు. ట్యాంకులో నీళ్లు చేరినా, ఎవరైనా పొరపాటున పెట్రోలు పోసినా ఇంజెక్టర్లు, పంపు దెబ్బతిని బిల్లు ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన రెండో మాటకు వస్తాను. ట్రక్కు ఆగితే మీ సంపాదన కూడా ఆ రోజుకు ఆగుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. చేతిలో పైసా లేకుండా కొన్న బండి మొదటి పెద్ద రిపేరుకే ఎక్కువ వడ్డీకి అప్పు చేయిస్తుంది. ఆ వడ్డీ ముందు మైలేజీలో మిగిలిన నాలుగు డబ్బులు ఏ మూలకూ రావు. అందుకే డీజిలు కోసం అదనంగా పెట్టాలనుకున్న డబ్బులోంచి మూడు నెలల ఈఎంఐ, ఇన్సూరెన్సు, ఇంటి ఖర్చు సరిపడా మొత్తం వేరే ఖాతాలో వేయండి. బండి రిపేరుకో, అది ఆగిన రోజుల ఖర్చుకో తప్ప దేనికీ అందులోంచి తీయొద్దు. మిగిలింది ఏమైనా ఉంటే డౌన్ పేమెంట్‌కే కలిపి అప్పు తగ్గించుకోండి. డీజిలు ధర కుదరక పాత డీజిలు బండి వైపు చూద్దామనిపించవచ్చు. దయచేసి వద్దు. ముందు యజమాని దాన్ని ఎలా వాడాడో తెలియకుండా ఆ ఫిల్టర్, ఇంజెక్టర్ల రిపేర్లను మీ నెత్తికెత్తుకోవడమే అవుతుంది.

బరువు విషయంలో ఒక మాట. డీజిలు ఇంజన్ బరువెక్కువ. బండికి అనుమతించిన మొత్తం బరువు రెండింటికీ ఒకటే అయితే, ఆ తేడా మేరకు మీరు వేసుకోగల సామాను తగ్గుతుంది. పైపులు, మోటార్లు ఎక్కించుకునే మీకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

ఇక మిగిలింది ట్రైలర్. తక్కువ వేగంలోనే గట్టిగా లాగడం డీజిలుకున్న గొప్ప గుణం. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు ఇంజన్ ఆర్పీఎం పెంచి అరవాల్సిన చోట అది తేలిగ్గా లాక్కుపోతుంది. నెలకు రెండు మూడుసార్లే అయితే ఆ రోజుల్లో పెట్రోలు కొంచెం ఎక్కువ తాగినా ఫరవాలేదు. అయితే అడ్వాన్సు కట్టే ముందు ట్రైలర్‌ను పూర్తి లోడుతో వే బ్రిడ్జి మీద తూయించండి. ఆ బరువు పెట్రోలు మోడల్ హ్యాండ్‌బుక్‌లో రాసిన లాగుడు పరిమితి లోపల ఉంటే నిశ్చింతగా కొనండి. పరిమితి దాటినా, లేదా వచ్చే ఏడాది నుంచి వారానికి నాలుగు రోజులు ట్రైలర్ తగిలించే కాంట్రాక్టు ఏదైనా చేతికి రాబోతున్నా కొనకుండా నాకు మళ్లీ రాయండి. అప్పుడు నా సలహా డీజిలే. డౌన్ పేమెంట్ కట్టాక కూడా చేతిలో కొంత మిగిలేంత డబ్బు కూడేదాకా మరో ఆరు నెలలు అద్దె బండితోనే నెట్టుకు రమ్మంటాను.